ఎనిస్‌లో 51-3

1902 జూన్ 15న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఎనిస్ అనే చిన్న ఊళ్లో జరిగిన ప్రొఫెషనల్ బేస్‌బాల్ మ్యాచ్ 51-3 స్కోరుతో ముగిసింది. గెలిచిన జట్టు కార్సికానా ఆయిలర్స్, ఓడింది టెక్సర్‌కానా క్యాస్కెట్‌మేకర్స్. రెండు ఊళ్ల బతుకుతెరువూ ఆ పేర్లలోనే ఉంది. కార్సికానాలో 1894లో ఊరి నీటి అవసరాల కోసం బావి తవ్విస్తే చమురు పడింది. టెక్సర్‌కానాలో శవపేటికల కార్ఖానా ఉండేది. ఆ రోజు ఆట చూసినవారికి రెండో పేరు మరీ అతికినట్టు తోచి ఉంటుంది.

క్రికెట్ స్కోర్లకు అలవాటుపడిన వారికి 51 పెద్ద అంకెలా కనిపించదు. బేస్‌బాల్‌లో లెక్క వేరు. ఒక్కో జట్టు తొమ్మిది ఇన్నింగ్స్ ఆడుతుంది, ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ అయిపోతుంది. బ్యాటర్ మూడు బేస్‌లూ దాటి తిరిగి హోమ్ ప్లేట్‌కు చేరితేనే ఒక్క పరుగు. నాలుగైదు పరుగులు చేసిన జట్టు సాధారణంగా గెలుస్తుంది. అమెరికాలో అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగుల్లో ఒక జట్టు ఒకే మ్యాచ్‌లో చేసిన అత్యధిక స్కోరే 36. 1897లో లూయీవిల్‌పై షికాగో దాన్ని సాధించింది.

నిజానికి ఈ మ్యాచ్ జరగాల్సింది కార్సికానాలో. కానీ అక్కడ ఆదివారాల్లో బేస్‌బాల్ నిషిద్ధం. అందుకని రెండు జట్లూ ఉత్తరాన ఇరవై మైళ్ల దూరంలో ఉన్న ఎనిస్‌కు వెళ్లాయి. ఆ మైదానం లీగ్ ఆటల కోసం కట్టింది కాదు. కుడివైపు కంచె చాలా దగ్గర. ఎన్ని అడుగులన్నదాని మీద ఏకాభిప్రాయం లేకున్నా, దాదాపు 210 అడుగులన్న అంచనా తరచూ వినిపిస్తుంది. నేటి పెద్ద మైదానాల్లో ఆ వైపు కంచె 300 అడుగులకు పైనే ఉంటుంది.

ఎడమచేతి బ్యాటర్ గట్టిగా లాగి కొడితే బంతి వెళ్లేది ఆ వైపుకే. కార్సికానా క్యాచర్ జస్టిన్ క్లార్క్ ఎడమచేతి వాటం ఆటగాడు. కెనడాలో పుట్టిన ఈ కుర్రాడికి అప్పటికి 19 ఏళ్లు. ఆ మధ్యాహ్నం ఎనిమిది సార్లు బ్యాటింగ్‌కు వచ్చి, ఎనిమిది సార్లూ బంతిని కంచె దాటించాడు. ఇలా కంచె దాటించే హోమ్ రన్ అప్పట్లో అంత చవక కాదు. అదే ఏడాది మేజర్ లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు కొట్టిన టామీ లీచ్ సీజన్ మొత్తానికి కొట్టింది ఆరు. క్లార్క్ అంకె చూసి టెలిగ్రాఫ్‌లో తప్పు దొర్లిందనుకుని కొన్ని పత్రికలు 8ని 3గా దిద్దాయని ఒక కథ ఉంది. దిద్దినవారిని తప్పుపట్టలేం.

టెక్సర్‌కానా పిచర్ డివిట్ సంగతి ఇంకా విచిత్రం. క్రికెట్‌లోలా ఓవరు కాగానే బంతి ఇంకొకరి చేతికి వెళ్లదు. మేనేజర్ మార్చేదాకా ఒకే పిచర్ వేస్తూ ఉండాలి. డివిట్‌ను ఎవరూ మార్చలేదు. 53 హిట్లు (బ్యాటర్ బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరిన సందర్భాలు) ఇచ్చి, చివరిదాకా అతనే వేశాడు. జట్టు యజమానుల్లో ఒకరి కొడుకు కావడం వల్లే అతన్ని దించలేదని అంటారు.

అయితే తప్పంతా కంచెదీ డివిట్‌దీ అనడం న్యాయం కాదు. అదే కంచె ముందు టెక్సర్‌కానా చేసింది మూడు పరుగులే. కార్సికానా ఆ ఏడాది వరసగా 27 మ్యాచ్‌లు గెలిచిన జట్టు. 1987లో సాల్ట్ లేక్ ట్రాపర్స్ 29 గెలిచేదాకా ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో దాన్ని మించినవారు లేరు.

క్లార్క్ 1905లో మేజర్ లీగుల్లో అడుగుపెట్టాడు. 1908 అక్టోబర్ 2న క్లీవ్‌లాండ్ పిచర్ ఆడీ జాస్ ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా 1-0తో గెలిచినప్పుడు, హోమ్ ప్లేట్ వెనక కూర్చుని ఆ బంతులు పట్టింది క్లార్కే. మామూలు దూరంలో కంచెలున్న మైదానాల్లో తొమ్మిది సీజన్లు ఆడి అతను కొట్టిన హోమ్ రన్లు మొత్తం ఆరు.