కొమ్ములవారి కథకు విద్వద్గౌరవము

జనులు మెచ్చి పాడుకొను పాట యొకటి. పండితులు పరిశీలనార్హమని యెంచు పాట యొకటి. మొదటిది రెండవదిగా పరిగణింపబడుటకు ఒక్కొక్కప్పుడు శతాబ్దములు పట్టును. అట్టి గౌరవము లభించినపుడును, అది పాటకు లభించినదా, లేక పాటనుండి వ్రాసికొన్న మాటలకు మాత్రమే లభించినదా యని ప్రశ్నింపవలసియుండును. పశ్చిమ ప్రకాశమందలి గొల్లల వీరగాథయైన కాటమరాజు కథ నాధారముగా గొని ఈ ప్రశ్నను విచారించుట ప్రస్తుత వ్యాసోద్దేశము.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో నూతన జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలోనివి. కనిగిరి, పొదిలి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనివి. పాలనా విభాగములు వేఱైనను ఈ భూభాగమున కంతకును నల్లమల యొక హద్దు, అనావృష్టి యొక నిత్యభయము. ఇట్టిచోట పసులమందయే సంపద. గడ్డియున్నచోటికి మందను తోలుకొనిపోవుటయే జీవనోపాయము. కాటమరాజు కథకు మూలమిదియే. కనిగిరి సీమలోని ఆలవలపాటి గొల్లలు కఱవు సోకి, మందలతో దక్షిణమునకు తరలి, నెల్లూరి ప్రభువైన నల్లసిద్ధి పచ్చికబయళ్లలో మేపుకొనుటకు ఒడంబడిక చేసికొందురు. పుల్లరి విషయమున వివాదము పుట్టును. అది ముదిరి ఎఱ్ఱగడ్డపాటి యుద్ధమగును. నల్లసిద్ధి పక్షమున పోరి మరణించిన ఖడ్గతిక్కన, మహాభారతకర్తయగు తిక్కనసోమయాజికి దాయాది యని ప్రతీతి. పదుమూడవ శతాబ్దమున ఒకే వంశమునందు ఒకరు కావ్యమునకు కర్తయు, మఱియొకరు జనగాథకు పాత్రయు నగుట గమనింపదగినది.

ఈ కథను తరతరములుగా నిలిపినవారు గొల్లల నాశ్రయించి బ్రదికిన కొమ్ములవారు. కొమ్ము బూరయు, వీరణమును వారి వాద్యములు. గంగజాతరలందు రాత్రులతరబడి వారు చెప్పిన కథయే గొల్లలకు పురాణము, వంశచరిత్రము, ధర్మశాస్త్రము.

జనుల పాట యుండెనని మన ప్రాచీనకవు లెఱుగకపోలేదు. నన్నెచోడుడు రోకటిపాటలను, ఊయలపాటలను స్మరించెను. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున తుమ్మెదపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు మొదలగువానిని పేర్కొనెను. అయిన నవి పేరులు మాత్రమే. పాట ఎట్లుండెనో, ఎవరు పాడిరో తెలిసికొనుట కాధారము స్వల్పము. లక్షణకర్తలకు పద్యము లక్ష్యమైనట్లు పాట లక్ష్యము కాలేదు.

ఆంగ్లేయ ప్రభుత్వకాలమున గాథలకు ఒక విధమైన ప్రాధాన్యము కలిగెను. కల్నల్ మెకంజీ కావలి సోదరుల సాహాయ్యమున దత్తమండలములందు కైఫీయతులను సేకరింపించెను. బ్రౌను తాళపత్రములను వ్రాయించి రక్షించెను. 1874లో బాయిల్ అను నధికారి ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో తెలుగు వీరగీతములనుగూర్చి వ్యాసము ప్రకటించెను. వీరి కృషి లేనిచో ఎంతో నశించియుండెడిది. కాని వారిలో పెక్కుర దృష్టి గాథలోని చరిత్రాంశముపైననే నిలిచినది. శాసనమునకు దోడుగా గాథ సాక్ష్యము చెప్పవలెను. సాక్ష్యము తీసికొన్న పిమ్మట సాక్షితో పనిలేదు.

రెండవ యర్హత కర్తృత్వము. 1911లో అక్కిరాజు ఉమాకాన్తము పల్నాటివీరచరిత్రమును ప్రకటించినపుడు, ఆ ద్విపద శ్రీనాథకృతమను ప్రసిద్ధియే దానికి గొప్ప రక్షణమైనది. మహాకవి పేరు ముందుండుటచే వీరగాథకు పండితుల పీఠముపై చోటు దొరకినది. పేరులేని గాయకుని రచనకు అట్టి ప్రవేశపత్రము లేదు.

మూడవదశ విశ్వవిద్యాలయములది. బిరుదురాజు రామరాజు జానపద గేయసాహిత్యముపై ఉస్మానియాలో చేసిన పరిశోధనము 1958లో గ్రంథమయ్యెను. అంతటితో జానపదగేయము ఉపాధికి తగిన విషయమైనది. తంగిరాల వెంకట సుబ్బారావు పరిష్కరించిన కాటమరాజు కథలు రెండు సంపుటములుగా 1976, 1978 సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించెను. గొల్లల కథకు పాఠభేదములు, పీఠిక, విమర్శ కలుగుట సామాన్యవిషయము కాదు. కావ్యమునకు చేయు మర్యాద నంతయు గాథకును చేసిరి. అయిన నచ్చుపుటలో కొమ్ము మ్రోగదు, వీరణము వినబడదు.

ఈ సందర్భమున అన్యదేశ దృష్టాంత మొకటి యుపకరించును. 1919లో స్విట్జర్లండు దేశీయుడైన అన్‌సెర్మే అను శాస్త్రీయ వాద్యగోష్ఠీ నిర్వాహకుడు, లండనులో నల్లజాతివారి వాద్యబృందమును విని, సిడ్నీ బెషే యను క్లారినెట్ వాదకుని ప్రతిభను కొనియాడుచు వ్యాసము వ్రాసెను. 1938లో అలన్ లోమాక్స్, అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున జెల్లీ రోల్ మోర్టన్‌చే వాయింపించి, పాడించి, అతని జీవితకథను చెప్పించి ధ్వనిముద్రణము చేసెను. జాజ్‌కు గౌరవము చెవిద్వారా, వాదకుని పేరుతో వచ్చినది. మన గాథకు గౌరవము కంటిద్వారా, గాయకుని పేరు లేకయే వచ్చినది.

ఈ లోపము కొంత తీరినది లేకపోలేదు. జీన్ రోఘేర్ 1982లో ప్రకటించిన పల్నాటికథా గ్రంథమునకు ఆధారము తాళపత్రము కాదు. అలిసెట్టి గాలెయ్య పాడిన పాట. అందు గాయకుడు కథకు కర్తవలె ప్రత్యక్షమగును. వెల్చేరు నారాయణరావు 1986లో ఆరు తెలుగు వీరగాథలను పరిశీలించి, ఏ కులము ఏ కథను తనదిగా భావించునో, దానివలన కథాస్వభావ మెట్లు మాఱునో నిరూపించెను. గాథను పాడువారు, వినువారు కూడ పరిశోధనలో భాగమైరి.

ఇది కేవలము విద్వద్వినోదము కాదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పిదప, అడవి యంచులందు మేపు రుసుము ప్రజలకు భారమైనది. పొరుగున పల్నాటిలో 1921లో పుల్లరి నిరాకరణోద్యమము సాగెను. 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణములర్పించెను. నల్లసిద్ధినాటి పుల్లరి కథను విను గొల్లవానికి అది గతము కాదు. ఏ తావున స్వరము హెచ్చించినచో శ్రోత తన బ్రదుకును తలచుకొనునో కొమ్ములవానికి తెలియును, తాళపత్రమునకు తెలియదు.

కావున గాథకు చరిత్రసాక్ష్యమను విలువయు, కావ్యమను విలువయు చాలవు. దానిని సంగీతముగను, వృత్తిగను, ఒక సమాజపు వాదముగను గ్రహింపవలయును. పరిష్కృత ప్రతి ప్రక్కన ధ్వనిముద్రణము, పాఠభేదము ప్రక్కన గాయకుని పేరు, ఊరు, గురుపరంపర నిలుపుట విశ్వవిద్యాలయములకు విధి. గాయకు డుండగనే చేయదగిన పని యిది. అతని వెనుక మిగులునది పుస్తకమే కాని పాట కాదు.