ఏడో పెట్టె

తెల్లవారుజాము మూడున్నర. నాయుడుపేట, స్వర్ణముఖి వంతెన వెనకే ఉండిపోయాయి. తూర్పున, సముద్రం వైపు ఒక రొయ్యల గుంట కట్ట మీద నిలబడ్డారు మీరు. కాళ్ల కింద బంకమట్టి జారుతోంది. ఏరేటర్ల చప్పుడు లేదు. ఈ వేళప్పుడు ఉండాల్సిన చప్పుడది. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఊపిరి పీలుస్తుంది కనుక ఆక్సిజన్ బాగా పడిపోయేది ఇప్పుడే.

"ఏందన్నా ఇది? స్క్రీన్ మీద డీవో 6 చూపిస్తా ఉంది, రొయ్యలేమో పైకి తేలతా ఉండాయి." కాపలా కుర్రాడు టార్చి వేశాడు. నీటి మీద సన్నటి మీసాలు.

ముందు ఏరేటర్లు చేత్తో వేయండి. విచారణ తర్వాత.

చేతిమీటరు ముంచితే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 3 మిల్లీగ్రాములే. గుంటలో మూడు సెన్సర్ పెట్టెలున్నాయి. ఎనిమిదో, తొమ్మిదో పెట్టెల కబురు షెడ్డుకు చేరేది ఏడోదాని మీదుగానే. స్క్రీన్ మీద ఏడోది చెప్పే 6 ఒక్కటే ఉంది.

ప్రోబ్‌కి నాచు పట్టినా అంకె తప్పుతుంది, తొందరపడకండి. ఎనిమిదో పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించి చిట్టా చూడండి. కబురు అప్పగించాక ఏడోది దాన్ని ముందుకు పంపిందో లేదో ఎనిమిదోది గాలిలో చెవి పెట్టి వింటుంది. 2000లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్గియో మార్టి బృందం 'వాచ్‌డాగ్' పేరుతో చెప్పిన పద్ధతి ఇదే. రెండు కబుర్లు గాలిలో ఢీకొన్నా వినపడదు. ఒకటి పోయినంత మాత్రాన నేరం కాదు. కానీ ఇక్కడ 5 దాటిన అంకెలన్నీ సాగిపోయాయి, 4కి దిగినవి ఒక్కటీ కదల్లేదు. నాచుకు ఇంత ఎంపిక తెలియదు. ఎనిమిదోదే అబద్ధమాడుతోందేమో? తొమ్మిదోదాని చిట్టా కూడా తెరవండి. అదీ ఇదే సాక్ష్యం చెబుతోంది.

ఆస్ట్రేలియాలోని మారూచీలో అదే 2000లో ఒకడు రేడియోతో మురుగునీటి పంపుల నెట్‌వర్క్‌లో దూరి, దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి వదిలాడు. గాలిలో వచ్చే ప్రతి మాటనీ నమ్మిన పంపులవి. అందుకే ఇప్పుడు మీ చేతులు ఆగకూడదు.

షెడ్డు నుంచి కొత్త తాళంచెవి సంకేతం పంపండి, ఏడోదానికి తప్ప అన్నిటికీ, ఒక్కోదానికి దాని సొంత తాళంచెవితోనే మూసి. ఎనిమిది, తొమ్మిది ఇక పక్క గుంటలోని పదోదాని మీదుగా మాట్లాడతాయి. స్క్రీన్ మీద 3.1 వచ్చింది. కాసేపటికి 3.6.

మీసాలు ఒక్కొక్కటే నీటిలోకి దిగుతున్నాయి. కుర్రాడు ఏడో పెట్టెను గుంజ నుంచి విప్పి టార్చి కింద పెట్టాడు. ఉప్పుకు తుప్పు పట్టిన మూత. నాలుగు స్క్రూలు మాత్రం కొత్తవి.