కాలేయంలో కొవ్వు: ఆర్‌ఎన్‌ఏ చికిత్స వచ్చిన దారి

1984లో నేను కృష్ణా డెల్టాలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నాను. గుడివాడ వైపు నుంచి ఒక రైసుమిల్లు గుమాస్తా పొట్టలో నీరు చేరి వచ్చాడు. నలభై అయిదేళ్లు, చక్కెర వ్యాధి, లావుపాటి మనిషి. కాలేయం గట్టిపడిపోయింది. ఆస్ట్రేలియా యాంటిజెన్ పరీక్షలో ఏమీ లేదని తేలింది. "నా నోట చుక్క పడి ఎరగదండీ డాక్టరు గారూ" అన్నాడు. నేను నమ్మలేదు. కల్లో సారాయో తాగకుండా మగవాడి కాలేయం అలా కాదన్నది మా తరం నేర్చుకున్న చదువు. కేసు షీటు మీద మద్యపానమే కారణమని రాసి, భార్య ఎదుటే మందలించాను. రెండేళ్లలో ఆయన పోయాడు.

అంతకు నాలుగేళ్ల ముందే, విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల నెలకొన్న 1980లోనే, అమెరికాలోని మేయో క్లినిక్‌లో యూర్గెన్ లుడ్విగ్ బృందం 20 మంది రోగులను వర్ణించింది. వారి కాలేయాలు తాగుబోతుల కాలేయాల వలెనే ఉన్నాయి, వారు మాత్రం తాగేవారు కారు. ఆ స్థితికి మద్యేతర స్టియటోహెపటైటిస్ అని పేరు పెట్టారు. ఆ వ్యాసం నా కంట పడేసరికి చాలా ఏళ్లు గడిచాయి.

ఇప్పుడు ఈ జబ్బుకు జన్యువును నిశ్శబ్దపరిచే సూదిమందు తయారు చేయాలన్న ప్రయత్నం జరుగుతున్నది. దాని చరిత్ర ఒక పూలమొక్కతో మొదలయింది. 1990లో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్‌సెన్ బృందం పెటూనియా పూల ఊదారంగును ముదురు చేయదలచి, రంగునిచ్చే జన్యువును అదనంగా చేర్చింది. కొన్ని పూలు ఉన్న రంగు కూడా కోల్పోయి తెల్లబడ్డాయి. కారణం 1998లో తెలిసింది. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక చిన్న నులిపురుగులో రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను ప్రవేశపెట్టగా, దానితో సరిపోలే జన్యువు పని ఆగిపోయింది. 2006లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మన హైదరాబాదు సీసీఎంబీలోనూ ఉత్పల్ భద్ర ఈ యంత్రాంగాన్ని పండు ఈగలలో పరిశోధించారు.

రిజిస్ట్రారు కచేరీలోని అసలు దస్తావేజు డీఎన్‌ఏ అనుకోండి. కణం దానిని బయటికి తీయదు, నకలు రాయించి పంపుతుంది. ఆ నకలు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ, దానిని చూసే ప్రోటీను తయారవుతుంది. సుమారు 21 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ తునక తనకు సరిపోలిన నకలును వెదికి, కణంలోని ఒక ఎంజైము చేత కత్తిరింపజేస్తుంది. అసలు దస్తావేజు చెక్కుచెదరదు.

2001లో థామస్ టుష్ల్ బృందం ఇది క్షీరదాల కణాలలోనూ పనిచేస్తుందని చూపింది. అయితే రక్తంలోకి ఎక్కించిన ఆర్‌ఎన్‌ఏ నిమిషాలలో నశిస్తుంది. గమ్యం చేర్చడమే అసలు సమస్య. ఇక్కడ కాలేయానికి ఒక ప్రత్యేకత ఉన్నది. దాని కణాల మీద గాలాక్టోజు వంటి చక్కెరలను పట్టుకునే గ్రాహకాలు దండిగా ఉంటాయి. గిల్బర్ట్ ఆష్‌వెల్, అనతోల్ మోరెల్ ఏనాడో చేసిన పరిశోధనలో వెల్లడైన విషయమిది. ఆర్‌ఎన్‌ఏ తునకను రసాయనికంగా బలపరిచి, దాని చివర గాల్‌నాక్ అనే చక్కెరను మూడు కొమ్మలుగా తగిలిస్తే, చర్మం కింద పొడిచిన సూది నేరుగా కాలేయానికే చేరుతుంది. 2018లో ఈ తరహా తొలి ఆర్‌ఎన్‌ఏ మందు పటిసిరాన్ కొవ్వు బుడగలలో వచ్చింది. 2019లో గివోసిరాన్ ఈ చక్కెర తాళంచెవితో వచ్చింది. కొలెస్ట్రాల్‌కు వాడే ఇన్‌క్లిసిరాన్‌ను, తొలి మోతాదుల తరువాత, ఏడాదికి రెండుసార్లు పొడిస్తే చాలు.

తలుపు తెరుచుకున్నది సరే, ఏ నకలును చించాలి? 2008లో డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యువులోని ఒక మార్పు కాలేయంలో కొవ్వును పెంచుతుందని కనుగొన్నది. మారిన ప్రోటీను కొవ్వు బిందువుల మీద పేరుకొని వాటిని కరగనివ్వదు. హైదరాబాదులో భారతీయులపై జరిగిన పరిశీలనలోనూ ఈ మార్పుకు కొవ్వు కాలేయంతో సంబంధం కనబడింది. 2018లో పెన్సిల్వేనియాలో 46,544 మంది జన్యువులను, ఆసుపత్రి రికార్డులను పోల్చినప్పుడు మరొక ఆధారం దొరికింది. హెచ్‌ఎస్‌డి17బి13 అనే జన్యువు పుట్టుకతోనే సరిగా పనిచేయని వారికి దీర్ఘకాలిక కాలేయ వ్యాధి తక్కువ. విచిత్రమేమంటే వారి కాలేయంలో కొవ్వు తగ్గదు, అది వాపుగా, మచ్చగా ముదరడం తగ్గుతుంది. ప్రకృతి చేసిన ఈ పనినే సూదితో చేయాలని ఈ రెండు జన్యువులపైనా ప్రయోగాలు సాగుతున్నాయి.

నాకు రెండు సందేహాలు. ఈ మందు ప్రభావం నెలల తరబడి ఉంటుంది. మాత్రనైతే ఈ రోజు మానవచ్చు, పొడిచిన సూదిని వెనక్కి తీసుకోలేము. పైగా ఆ పెన్సిల్వేనియా జనంలో అత్యధికులు ఐరోపా సంతతివారు. సన్నగా కనిపిస్తూ పొట్ట మాత్రం పెరిగే మన శరీరాలకు అదే లెక్క సరిపోతుందో లేదో ఇక్కడి వారి మీదే చూడాలి. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయిన నాటినుంచి డెల్టా అన్నం మీదే బతికింది. నాట్లు, కోతలు యంత్రాలకు పోయినా కంచంలో అన్నం తగ్గలేదు.

నిరుడు ఆ గుమాస్తా కుమారుడు స్కానింగు కాగితంతో మా ఇంటికి వచ్చాడు. కాలేయంలో కొవ్వు, రెండవ గ్రేడు. "ఏదో జన్యువు ఇంజెక్షను వచ్చిందటండీ, మనకెప్పుడు దొరుకుతుంది?" అని అడిగాడు. కొవ్వు కాలేయానికి ఆర్‌ఎన్‌ఏ మందు ఏదీ ఇంకా ఆమోదం పొందలేదని, 2024లో అమెరికాలో ఆమోదించిన రెస్మెటిరామ్ కూడా మచ్చలు ఒక మోస్తరుగానో, బాగానో ముదిరిన దశకే గాని తన దశకు కాదని చెప్పాను. బరువులో పదో వంతు తగ్గితే వాపు, మచ్చ కూడా వెనక్కి మళ్లగలవని, చక్కెర అదుపు తప్పనివ్వవద్దని చెప్పాను. లేచి వెళ్లబోతుండగా ఆపి, మీ నాన్నగారు ఆనాడు నాతో నిజమే చెప్పారు, నేనే తప్పు రాశాను అన్నాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ ఇంకా ఉందండీ, ఒకసారి ఫోనులో ఆవిడకి చెబుతారా?" అన్నాడు.