బ్రౌన్స్‌విల్ నాడీనాళ లోపాల పరిశోధన

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి దక్షిణపు కొసన, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం బ్రౌన్స్‌విల్. 1991లో అక్కడ మెదడు ఎదగని శిశువులు వరసగా పుట్టడంతో ఈ పరిశోధన మొదలైంది. తర్వాత పదేళ్ళ పాటు సరిహద్దు వెంబడి ఉన్న 14 కౌంటీలలో సాగింది. ఫ్యాక్టరీల కాలుష్యం మీద అనుమానంతో మొదలైన వెతుకులాట చివరికి రోజూ తినే మొక్కజొన్న రొట్టె దాకా వెళ్ళింది. పుట్టుకతో వచ్చే లోపాలను లెక్కపెట్టే వ్యవస్థ టెక్సస్‌కు దీనివల్లే ఏర్పడింది.

రియో గ్రాండే నదికి ఇవతల బ్రౌన్స్‌విల్, అవతల మెక్సికోలోని మటమోరోస్. వంతెన మీద నడిచి అటూ ఇటూ వెళ్ళిరావచ్చు. చుట్టరికాలు, కొలువులు, సంత బేరాలు రెండు ఒడ్డులనూ కలిపే నడుస్తాయి. 1965లో మెక్సికో ప్రభుత్వం సరిహద్దు పారిశ్రామికీకరణ పథకం తెచ్చాక మటమోరోస్‌లో మకిలడోరాలు అనే ఫ్యాక్టరీలు వెలిశాయి. విడిభాగాలను సుంకం లేకుండా దిగుమతి చేసుకుని, తక్కువ కూలికి బిగించి, తిరిగి ఎగుమతి చేయడం వాటి పని. కూలీల్లో ఆడవాళ్ళే ఎక్కువ. ఇవతలి ఒడ్డున బ్రౌన్స్‌విల్ ఉన్న కామెరాన్ కౌంటీ అమెరికాలోని నిరుపేద కౌంటీల్లో ఒకటి. జనాభాలో అత్యధికులు మెక్సికన్ మూలాలవారు. చాలామందికి ఆరోగ్య బీమా లేదు. కొలోనియా అని పిలిచే శివారు బస్తీలలో కుళాయి నీళ్ళు, మురుగు కాల్వలు లేని ఇళ్ళు ఎన్నో ఉండేవి.

1991 ఏప్రిల్‌లో బ్రౌన్స్‌విల్‌లోని ఒక ఆసుపత్రిలో 36 గంటల వ్యవధిలో ముగ్గురు శిశువులు ఆనెన్‌సెఫలీతో పుట్టారు. అంటే మెదడులో చాలా భాగం, దాన్ని కప్పే పుర్రె ఎముక ఏర్పడలేదు. ఇలాంటి బిడ్డలు కడుపులోనే పోతారు, లేదా పుట్టిన కొన్ని గంటల్లో, మహా అయితే కొన్ని రోజుల్లో పోతారు. ఎక్కడైనా అరుదుగా కనబడే ఈ లోపం ఒకే చోట ఇంత దగ్గర దగ్గరగా కనబడడం మామూలు సంగతి కాదని మొదట గ్రహించింది స్థానిక ఆసుపత్రి సిబ్బందే. ఆరోగ్య శాఖకు కబురు పెట్టిందీ వాళ్ళే.

రాష్ట్ర ఆరోగ్య శాఖ, అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం కలిసి దర్యాప్తు చేపట్టాయి. ఈ జననాలు నిజంగా పెరిగాయా, లేక ఎప్పుడూ ఇంతేనా అన్న తొలి ప్రశ్న దగ్గరే పని చిక్కుపడింది. పోల్చి చూద్దామంటే పాత లెక్కలు లేవు. టెక్సస్‌లో అప్పటికి జన్మలోపాల రిజిస్ట్రీ లేదు. స్కానింగ్‌లో లోపం తెలిసి గర్భం తీయించుకున్నవారి వివరాలు జనన ధ్రువపత్రాల్లోకి ఎక్కవు. పరిశోధకులు ఆసుపత్రుల పాత దస్త్రాలను ఒక్కొక్కటిగా తిరగేసి లెక్క కట్టారు. 1990-91లో కామెరాన్ కౌంటీలో ఈ లోపాలు దేశ సగటు కంటే బాగా ఎక్కువగా ఉన్నాయని 1992 నివేదికలో తేల్చారు. కారణం మాత్రం దొరకలేదు.

దొరకకపోవడానికి పిండం ఎదిగే తీరే ఒక కారణం. వెన్నుపాము, మెదడు నాడీనాళం అనే ఒక సన్నని గొట్టం నుంచి రూపుదిద్దుకుంటాయి. ఫలదీకరణ జరిగిన 28వ రోజుకల్లా ఆ నాళం రెండు కొసలా మూసుకోవాలి. పైకొస మూసుకోకపోతే ఆనెన్‌సెఫలీ, కింద మూసుకోకపోతే వెన్నెముక చీలి ఉండే స్పైనా బైఫిడా వస్తాయి. ఆ నాటికి చాలామందికి తాము గర్భవతులమని కూడా తెలియదు. 1991 ఏప్రిల్‌లో పుట్టిన బిడ్డలకు జరగవలసిన హాని 1990 వేసవిలోనే జరిగిపోయింది. దర్యాప్తు బృందం వచ్చేటప్పటికి ఆ వేసవిలో తల్లులు పీల్చిన గాలి, తాగిన నీళ్ళు, తిన్న పిండి పరీక్షించడానికి మిగిలి లేవు.

కుటుంబాలు మటమోరోస్ ఫ్యాక్టరీలను వేలెత్తి చూపాయి. అక్కడి ద్రావకాల వాసన, కాల్వల్లో పారే రంగు నీళ్ళు వాళ్ళు రోజూ చూస్తున్నవే. పలు కంపెనీల మీద దావా వేశారు. 1995లో కంపెనీలు తప్పు ఒప్పుకోకుండానే డబ్బు చెల్లించి కోర్టు బయట రాజీ చేసుకున్నాయి. దాంతో ఆ వాదన సాక్ష్యాల మీద విచారణకు నిలబడే అవకాశం పోయింది. తర్వాతి అధ్యయనాల్లో భారలోహాలు, పీసీబీలు అనే పారిశ్రామిక రసాయనాలు, పురుగుమందుల ప్రభావాన్ని కూడా పరిశీలించారు. 1991 నాటి పెరుగుదలను వివరించగల బలమైన సంబంధం బయటపడలేదు. అంతమాత్రాన ఫ్యాక్టరీలు నిర్దోషులని తేలినట్టు కాదు. ఆ వేసవి గాలిని ఎవరూ కొలవలేదు.

ఈ అనుభవంతో రెండు పనులు జరిగాయి. 1993లో టెక్సస్ శాసనసభ జన్మలోపాల నమోదుకు చట్టం చేసింది. రిజిస్ట్రీ కొన్ని ప్రాంతాల్లో మొదలై 1999 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆసుపత్రులు పంపేదాకా ఎదురుచూడకుండా సిబ్బందే వెళ్ళి దస్త్రాలు చూసి నమోదు చేయడం దీని పద్ధతి. ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గట్టి ఫలితం ఇదేనని చెప్పాలి. రెండోది, 1993లోనే సరిహద్దు కౌంటీలలో మొదలైన టెక్సస్ నాడీనాళ లోపాల ప్రాజెక్టు. ఒకసారి ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీలను వెతికి పట్టుకుని, మళ్ళీ గర్భం దాల్చేలోపే ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ అందించడం ఈ ప్రాజెక్టులో భాగం. బిడ్డను పోగొట్టుకున్న తల్లుల్ని ప్రశ్నలడిగి, రక్తం తీసుకుని వెళ్ళిపోకుండా, వాళ్ళ తర్వాతి కాన్పు సంగతి కూడా పట్టించుకున్న పరిశోధన ఇది.

ఫోలిక్ యాసిడ్ ఈ లోపాలను అడ్డుకోగలదని రుజువైంది కూడా 1991లోనే. ఏడు దేశాల్లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి జరిపిన ప్రయోగం ఫలితాలు ఆ ఏడాది లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అంతకుముందు ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీలు ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే లోపం మళ్ళీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గుతుందని అందులో తేలింది. 1992లో అమెరికా ప్రభుత్వం పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి స్త్రీ రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని సూచించింది.

మొక్కజొన్న మీదికి చూపు మళ్ళడం ఈ పరిశోధనలో అనూహ్యమైన మలుపు. 1989 శరదృతువులో టెక్సస్‌లో గుర్రాలు బూజు పట్టిన మొక్కజొన్న దాణా తిని మెదడు జబ్బుతో చనిపోయాయి. ఫ్యుజేరియం అనే బూజు తయారుచేసే ఫ్యుమోనిసిన్ దానికి కారణం. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఆ విషాన్ని వేరుచేసింది 1988లోనే. సరిహద్దు కుటుంబాలకు టోర్టిలా అనే మొక్కజొన్న రొట్టే పూటపూటా తిండి. ఈ రెంటినీ కలిపి చూస్తూ టెక్సస్ ఆరోగ్య శాఖకు చెందిన కేథరిన్ హెండ్రిక్స్ ఫ్యుమోనిసిన్‌కూ ఈ లోపాలకూ సంబంధం ఉండవచ్చన్న తన ప్రతిపాదనను 1999లో ఎపిడెమియాలజీ పత్రికలో ప్రచురించారు.

టోర్టిలా పిండి చేసే పద్ధతికీ ఇక్కడ ప్రమేయం ఉంది. గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు పోయేలా కడిగి రుబ్బుతారు. ఆ ముద్దే మాసా. దాన్ని పలచగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. ఉడికించిన నీటితో పాటు ఫ్యుమోనిసిన్‌లో కొంత కొట్టుకుపోతుంది, కొంత మిగులుతుంది. 2006లో స్టేసీ మిస్మర్ బృందం వెలువరించిన అధ్యయనంలో లోపం ఉన్న గర్భం వచ్చిన 184 మందినీ, ఆరోగ్యవంతమైన బిడ్డల్ని కన్న 225 మందినీ పోల్చారు. అందరూ మెక్సికన్ అమెరికన్ స్త్రీలే. మొదటి మూడు నెలల్లో 100 లోపు టోర్టిలాలు తిన్నవారితో పోలిస్తే 301 నుంచి 400 తిన్నవారిలో లోపం వచ్చే అవకాశం రెండు రెట్లకు పైగా ఉంది. అంతకంటే ఎక్కువ తిన్నవారిలో ఆ పెరుగుదల కనబడలేదు. విషం మోతాదు మరీ ఎక్కువైతే గర్భం నిలవకుండా ముందే పోతుండవచ్చని ఒక వివరణ. కణత్వచంలోని కొవ్వు పదార్థాల తయారీకి ఫ్యుమోనిసిన్ అడ్డుపడి, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్ కోవకు చెందిన విటమిన్) కణంలోకి వెళ్ళే దారిని దెబ్బతీస్తుందని ప్రయోగశాలల్లో గమనించారు. ఎలుకల మీద చేసిన ప్రయోగాలూ ఈ వాదనకు బలమిచ్చాయి. మనుషుల్లో మాత్రం ఇది బలమైన అనుమానంగానే ఉంది.

ఇదే విషం దక్కను పల్లెలకూ కొత్త కాదు. 1995లో వానకు తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్న రొట్టెలు తిని ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గ్రామాల్లో జనం కడుపునొప్పి, విరేచనాలతో బాధపడ్డారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన రమేశ్ భట్ బృందం ఆ ధాన్యంలో ఫ్యుమోనిసిన్‌ను గుర్తించి 1997లో ప్రచురించింది. తడిసిన పంటను పారేసుకునే స్తోమత లేనివాళ్ళే అక్కడ బాధితులు.

1998 జనవరి నుంచి అమెరికాలో పోషకాలు చేర్చి అమ్మే గోధుమ పిండి, బియ్యం వంటి వాటిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి అయింది. నాడీనాళ లోపాలు దేశమంతటా తగ్గాయి. మాసా పిండి మాత్రం ఆ నిబంధన కిందికి రాలేదు. ఏ ఇళ్ళలో బిడ్డలు పోవడం వల్ల ఇంత పరిశోధన జరిగిందో, ఆ ఇళ్ళలో వాడే పిండినే వదిలేశారు. లాటినో స్త్రీలలో ఈ లోపాలు మిగతావారి కంటే ఎక్కువగానే కొనసాగాయి. శిశు ఆరోగ్యం కోసం పనిచేసే మార్చ్ ఆఫ్ డైమ్స్ తదితర సంస్థలు 2012లో అర్జీ పెట్టుకుంటే, 2016 ఏప్రిల్‌లో అమెరికా ఆహార ఔషధ సంస్థ మాసాలో పౌనుకు 0.7 మిల్లీగ్రాముల వరకు ఫోలిక్ యాసిడ్ కలుపుకోవచ్చని అనుమతించింది. అంటే 18 ఏళ్ళ ఆలస్యం. అదీ తయారీదారుల ఇష్టానికి వదిలేసిన అనుమతి. తర్వాతి సర్వేల్లో మార్కెట్లోని మాసా పిండి రకాల్లో కొన్నిటిలోనే అది కనిపించింది. కాలిఫోర్నియా 2024లో దీన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అది 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చేలా గడువు పెట్టింది.