ఫాదర్ జెరోమ్ డిసౌజా స్మృతి

నాటి మదరాసులో లయోలా కళాశాలను 1925లో ఫ్రెంచి జెసూట్ గురువు ఫాదర్ బెర్ట్రం 75 మంది విద్యార్థులతో ప్రారంభించినారు. 1897లో మంగుళూరున జన్మించిన ఫాదర్ జెరోమ్ డిసౌజా దానికి ప్రిన్సిపాలుగా ఉన్నారు. 1953 వరకు మన ఆంధ్ర జిల్లాలకు కూడ మదరాసే రాజధాని.

1977లో ఆయన కాలధర్మము చెందినారు. గతించిన గురువుల ఆత్మశాంతికై పూజబలి అర్పించుట కేథలిక్కు విద్యాలయముల ఆచారము. మతమేదైనను, తమిళనాట స్థిరపడిన తెలుగువారమైన మేమును ఆయనను స్మరింపవలసియున్నది. రాజ్యాంగ సభలో సభ్యులై ఆయన అల్పసంఖ్యాకుల హక్కుల పక్షమున మాట్లాడినారు. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగములోని 30వ అధికరణము మతాల్పసంఖ్యాకులకే కాక భాషాల్పసంఖ్యాకులకును సొంత విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కునిచ్చినది. పరభాషా ప్రాంతమున తెలుగు బడి పెట్టుకొన్న వారికి అదే అండ.

అయితే హక్కు ఉన్నంతమాత్రాన బడి నిలువదు, బడిలో పిల్లలుండవలెను. ఇంట తెలుగు మాటలాడి, బడిలో తెలుగు వ్రాయని తరము పెరుగుచున్నది. ఈ ఉగాదినాడు మన బిడ్డలచే ఓనమాలు దిద్దింతము. బడి కొరకు పాటుపడిన గురువునకు ఇదియే మేము చేయదగిన శ్రద్ధాంజలి.