తాత పంచె

రథసప్తమికి అరసవల్లిలో మా ఇంటినిండా చుట్టాలే. ఏటా ఆ ముందురోజు అమ్మ ట్రంకుపెట్టె తెరిచి, పొందూరు పంచె ఒకటి తీసి ఎండలో ఆరేస్తుంది. దాన్ని మేమంతా 'తాత పంచె' అంటాం. ఓసారి మడత పెడుతూ నేనూ అలాగే అన్నాను. "తాతదేటే? నూలంతా మీ అమ్మమ్మే వడికినాది" అంది అమ్మ. సాహిత్యంలో పిహెచ్‌డి చేసిన నాకు ముప్ఫై ఏళ్ళు దాటేదాకా ఈ సంగతి తట్టనేలేదు.

పొందూరు ఖాదీ అనగానే గాంధీ గుర్తొస్తాడు. ఈ సన్నబట్ట చూసి ముచ్చటపడి కొడుకు దేవదాసును ఆ ఊరు పంపాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. ఈ కథలో ఆడవాళ్ళు ఎక్కువగా రాట్నం ముందు కూర్చున్న ఫోటోల్లోనే కనిపిస్తారు. కానీ బట్టకు ఆ సన్నదనం మగ్గం ఎక్కకముందే వస్తుంది. గింజపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వాలి. అందులోని సన్నటి పళ్ళు చెత్తను లాగేస్తాయి. చెక్కపలక మీద ఇనుపకడ్డీతో ఒత్తి గింజ తీయాలి. చిన్న వింటితో దూది ఏకాలి. ఏకులు చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటిపట్టలో దాచుకోవాలి. అప్పుడు రాట్నం. నూరో నంబరు నూలు తీసేది ఆ చేతులే. ఇదంతా వంటకీ పిల్లలకీ మధ్య, ఇంట్లోనే జరుగుతుంది. అందుకే దీన్ని 'కుటుంబ వృత్తి' అంటారు. నేసినవాడు నేతగాడు. మరి వడికినామె? ఇంటావిడ.

ఇలా ఊరిపేరే సరుకు పేరైన కుటుంబ వృత్తుల గురించి చదువుతూ ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతం దాకా వెళ్ళాను. అక్కడి ఒక ప్రసిద్ధమైన సీసా మీద 'వవ్ క్లికో' అని ఉంటుంది. వవ్ అంటే విధవ. మన భాషలో తిట్టుగా మారిన మాట అక్కడ రెండు వందల ఏళ్ళుగా వ్యాపార ముద్ర! 1805లో భర్త పోయేనాటికి బార్బ్ నికోల్ వయసు 27. నెపోలియన్ నాటి 1804 చట్టం భార్యను భర్త అదుపులో ఉంచింది. వితంతువు మాత్రం సొంతంగా వ్యాపారం చేసుకోవచ్చు. ఆమె చేసి చూపించింది, 1810 నుంచి తన పేరుమీదే.

అయితే అంతలోనే మురిసిపోకూడదు. ఆమె పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ బట్టల వ్యాపారంలో గడించినవే. ఆమె పేరు నిలబడడంలో వర్గానిది పెద్ద పాత్ర. చిన్న రైతుల సంగతి వేరు. వాళ్ళు చాలాకాలం ద్రాక్ష పండించి పెద్ద కంపెనీలకే అమ్ముకున్నారు. 1911లో తిరగబడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో కొన్ని కుటుంబాలు తమ తోట పంటతో తామే సీసాలు నింపి, ఇంటిపేరుతో అమ్మడం మొదలుపెట్టాయి. ఆ ఇంటిపేరు మామూలుగా మగవాడిది. మరి తీగలు కట్టి, లెక్కలు రాసి, కొనడానికొచ్చినవాళ్ళకు వండిపెట్టిన భార్యది ఏ హోదా? ఫ్రాన్సులో రైతు భార్యను సహసేద్యదారుగా గుర్తించే చట్టం 1980లో గానీ రాలేదు.

మా అమ్మమ్మకూ భర్త పోయాడు. ఆ తర్వాత ఇల్లు గడిచింది ఆమె రాట్నం మీదే. కానీ ఆ నూలుతో నేసిన బట్టకు ఊరిపేరు ఉంది, కట్టుకున్నవాడి పేరు ఉంది, ఆమె పేరు లేదు. వైధవ్యం ఒకామెకు సంతకం చేసే హక్కునిచ్చింది, ఇంకొకామెకు మరింత పనినిచ్చింది. రెండుచోట్లా 'కుటుంబం' అన్న మాట మాత్రం చల్లగా ఉంది, ఎవరు ఎంత పని చేశారో చెప్పకుండా.

"ఒక పంచెకి సరిపడా నూలు తియ్యాలంటే అమ్మమ్మకి ఎన్ని రోజులు పట్టేదమ్మా?" అని అడిగాను.

"ఏమో, లెక్కెవులు కట్టినారు?" అంది అమ్మ.

ఈసారి పొందూరు వెళ్ళినప్పుడు పంచె ధర అడగను. రోజుకెన్ని చిలపలు వస్తాయో, కూలి ఎవరి చేతికి అందుతుందో అడిగి రాసుకొస్తాను.