గోదావరి ఎగువన మన చుట్టాలు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కొబ్బరితోట లేని ఊరు అరుదు. ఆ తోటలలో చెట్టుకూ చెట్టుకూ నడుమ, నీడపట్టున, కొన్ని దశాబ్దములుగా కోకోను అంతరపంటగా పెంచుచున్నారు. గింజను ఎట్లు పులియబెట్టవలెనో, ఎప్పుడు ఎండబెట్టవలెనో రైతుకు తెలుసును. ఆ పేరు ఎవరిదని అడిగినవారు మాత్రము తక్కువ. అది మెక్సికో దేశపు మాట. స్పెయిన్ వారు ఆజ్టెకుల నోట విని యూరపునకు తీసుకొనిపోయినారు. అయితే అది ఆజ్టెకులకు కూడ సొంతమాట కాదనీ, వారికంటె ఎంతో పూర్వమునుండి అక్కడ నున్న మీహె-సోకే భాషలలోని "కకవ" అను మాటయే దానికి మూలమనీ 1976లో క్యాంప్‌బెల్, కాఫ్‌మన్ అను ఇరువురు పండితులు ప్రతిపాదించినారు. కాదన్నవారూ లేకపోలేదు.

వారి వాదమునకు ఆధారము రాతిశాసనము కాదు. మెక్సికో తూర్పుతీరమున క్రీస్తుకు వెయ్యేండ్లకు పూర్వమే నిలువెత్తు రాతితలలు చెక్కిన ఓల్మెక్కు లను జాతి ఒకటి ఉండెడిది. వారు ఏ భాష మాట్లాడినారో ఆ రాతితలలు చెప్పవు. ఇరుగుపొరుగు భాషలలోనికి ఎరువుపోయిన పంటల పేర్లు, వంటల పేర్లు చెప్పుచున్నవని ఆ పండితుల మాట. నేడు సోకే భాషలు మాట్లాడువారు చియాపాస్ మొదలగు రాష్ట్రములలోని సేద్యగాండ్రు.

ఇంత దూరపు సంగతి ఎత్తుకొనుటకు కారణమున్నది. గ్రంథములు లేని భాషలు చెప్పు ఇటువంటి సాక్ష్యము మన గోదావరికి ఎగువన కూడ ఉన్నది. అది మన తెలుగును గూర్చిన సాక్ష్యము.

తెలుగునకు దగ్గరి చుట్టము ఏ భాష అని అడిగితే కన్నడమనియో తమిళమనియో చెప్పుట మనకు అలవాటు. లిపిని చూచి కన్నడమును తోబుట్టువనుకొందుము. కాని భాషాశాస్త్రజ్ఞులు చూపించు వరుస వేరు. గోండి, కోయ, కొండ, కూయి, కువి, పెంగో, మండ - ఇవి మన తెలుగుతో కలిసి ద్రావిడ కుటుంబములో ఒక శాఖ. తమిళ కన్నడములది మరొక శాఖ. మన రక్తసంబంధము పట్టణములలోని పండితులతో కంటె మన్యములోని పోడు సేద్యగాండ్రతో దగ్గర అన్నమాట.

ఈ సంగతి ఒక్కనాట తేలలేదు. తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో ఎల్లిస్ దొర నిరూపించినాడు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషలన్నిటికి వ్యాకరణము కూర్చినాడు. అయినను 1937లో సైతము చిలుకూరి నారాయణరావుగారు తమ ఆంధ్రభాషాచరిత్రమున తెలుగు ప్రాకృతమునుండి పుట్టినదనియే వాదించినారు. ఆ గ్రంథము సామాన్యమైనది కాదు. వాదము నిలువకపోయినను అందలి సామగ్రి నేటికిని పనికివచ్చును. కోనసీమకు చెందిన కోరాడ వంశమువారైన రామకృష్ణయ్యగారు మాత్రము ద్రావిడపక్షముననే నిలిచి, 1944లో మద్రాసు విశ్వవిద్యాలయము ద్వారా సజాతీయపదములను సంకలనము చేసి ప్రకటించినారు. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల పరిశోధన వెలువడినది. కొండభాషను గూర్చిన వారి గ్రంథము 1969లో వచ్చినది.

చుట్టరికమునకు గుర్తు లేమనగా వినుడు. తమిళుడు "ఇరండు" అనును, కన్నడిగుడు "ఎరడు" అనును. మనము మొదటి అచ్చును ముందుండనీయక "రెండు" అందుము. గోండులు "రండ్" అందురు, కొండదొరలు "రుండి" అందురు. తమిళుని "అవన్" మన పాతతెలుగులో "వాండు" అయినది, కొండభాషలో "వాన్ఱు". తమిళుని "మరం" మన కావ్యములలో "మ్రాను". కూయి భాషలో "మ్రహ్ను". అచ్చును తరువాతి హల్లునకు అవతలికి త్రోయు ఈ అలవాటు ఈ శాఖవారి ఇంటి గుణము.

ఇంతకంటె నన్ను ఆశ్చర్యపరచినది బండి ఱ సంగతి. చిన్నప్పుడు అక్షరమాలలో దానిని దిద్దినాము. ర కును ఱ కును భేదమేమో నోట పలికి చూపగల పంతులు మనలో ఎందరికి దొరికినారు? పద్యము వ్రాయువారు ప్రాసలో ఆ రెండును కలియకుండ జాగ్రత్తపడుదురు. అది నిఘంటువు చూచి నేర్చిన జాగ్రత్తయే గాని చెవికి తెలిసినది కాదు. అట్టి ఱ కారము అరకులోయ ప్రాంతమున కొండదొరల నోట సజీవముగా ఉన్నది. మన "మూడు" వారికి "మూన్ఱి". అక్షరము మనదగ్గర నిలిచినది, ధ్వని వారిదగ్గర నిలిచినది.

ఎందరి నోట? 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లు దాటినారు. కూయి 9 లక్షల పైచిలుకు, కోయ సుమారు 4 లక్షలు, కొండ సుమారు 60 వేలు. ఈ పిల్లలు బడికి పోయిన తొలినాటినుండి తెలుగులోనే చదువవలసివచ్చెడిది. ఇంటిమాట పలికినందుకు సిగ్గుపడవలసివచ్చెడిది. 2004లో ప్రభుత్వము కోయ, కొండ, కువి, సవర మొదలగు ఎనిమిది భాషలలో తెలుగులిపితోనే వాచకములు వ్రాయించుట ఆరంభించినది. ఆలస్యమైనను మంచిపని. వాచకము అచ్చువేయుటతో పని ముగియదు. ఆ భాష వచ్చిన పంతులు కూడ కావలెను గదా.

గోదావరి ఒడ్డున నివసించు కోయలను గొమ్ముకోయ లందురు. వారి మాటకు స్టీఫెన్ టైలర్ అను అమెరికను పండితుడు వ్రాసిన వ్యాకరణము 1969లో అచ్చయినది. పోలవరము జలాశయము క్రిందికి వచ్చు గ్రామములలో ఈ ఒడ్డు పల్లెలు అనేకము. దేవీపట్నము మండలములోని ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయినవి. ధవళేశ్వరము ఆనకట్ట నీటితో నూటడెబ్బది ఏండ్లకు పైగా పంట తీసిన మన డెల్టావారము, జలాశయము వద్దని చెప్పుట సులభము కాదు. నేను చెప్పుటయు లేదు. కాని ఇల్లునకు, పొలమునకు లెక్కగట్టి పరిహార మిచ్చుచున్నాము. ఒక పల్లెవా రందరు ఒకచోట కలిసి మాట్లాడుకొను మాటకు ఆ లెక్కలో పద్దు లేదు.

1982లో చియాపాస్ రాష్ట్రమున ఎల్ చిచోన్ అగ్నిపర్వతము పగిలి సోకేల ఊళ్లు బూడిదలో కూరుకొనిపోయినవి. బ్రతికినవారు వేలమంది చెదరి వేరువేరు చోట్ల కుదురుకొన్నారు. అక్కడ కొండ ఎప్పుడు పగులునో ముందు ఎవరును చెప్పలేదు. ఇక్కడ ఏ ఊరు మునుగునో, ఏ ఊరివారు ఎక్కడికి పోవుదురో పటములలో ముందుగానే గీసి ఉన్నది. ఒక ఊరివారిని ఒకచోటనే ఉంచుటకును, వారి బడిలో కోయ వచ్చిన పంతులును వేయుటకును ఆ పటములు గీసినప్పుడే వీలుండెను. మిగిలిన ఊళ్ల విషయమున ఇప్పటికిని వీలున్నది.